ఎవరికోసమూ ఆగని వారం

ఆ వారమంతా ఎవరికోసమూ బండి ఆపకూడదని డిపో మేనేజరు చెప్పినప్పుడు డ్రైవరమ్మకి ముందు గుర్తొచ్చింది వాళ్లక్క మోకాలు.

మేనేజరు ఆ మాట తన గదిలో కూర్చుని చెప్పలేదు. షెడ్డులోకి వచ్చి, అప్పుడే కడిగి నిలబెట్టిన రెండు ట్రాముల మధ్య, నీళ్లు ఇంకా కారుతున్న చోట నిలబడి చెప్పాడు. మనిషి నిద్రపోయి ఎన్నాళ్లయిందో, కళ్లు లోపలికి పోయాయి. డ్రైవరు లేకుండా నడిచే కార్లు ఊళ్లోకి వచ్చి ఏడాది కావస్తోంది. ఆ కంపెనీ వాళ్ల కన్ను ఇప్పుడు పెద్దబజారు రోడ్డు మీద పడింది. రోడ్డు మధ్యన ట్రాము పట్టాలున్న మేర తమకిచ్చేస్తే కార్లని బారులు తీర్చి నడుపుతామంటున్నారు. మునిసిపాలిటీ వాళ్లు ఎటూ తేల్చుకోలేక పందెం పెట్టారు. ఒక వారం పాటు రెండింటినీ అదే రోడ్డు మీద, అవే స్టాపుల మధ్య నడిపి చూస్తారు. ఏది చెప్పిన టైముకి చేరిస్తే రోడ్డు దానిది. ట్రాము ఓడిపోతే పట్టాలు పీకేస్తారు, డిపోకి తాళం పడుతుంది.

"ఇన్నాళ్లూ చేసిన మర్యాదలు చాలు," అన్నాడు మేనేజరు. "ఈ వారం అద్దం చూడొద్దు. గంట కొట్టగానే కదలాలి. వెనక ఎవరు పరుగెత్తుకొస్తున్నా సరే, మీ కన్నతల్లి వస్తున్నా సరే."

ఎవరో నవ్వారు. డ్రైవరమ్మకి నవ్వు రాలేదు.

అద్దం చూడడమన్నది ఆ డిపోలో ఆచారం. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. స్టాపులో జనం ఎక్కి, కండక్టరు తలుపులు వేసి గంట కొట్టాక, బ్రేకు వదిలేముందు డ్రైవరు పక్క అద్దంలోకి ఒక్కసారి చూడాలి. అందులో పరుగెత్తుకొచ్చే మనిషి కనబడితే బండి కదలకూడదు. కొత్తగా చేరినవాళ్లకి పాతవాళ్లు బండి నడిపే హ్యాండిలు పట్టుకోవడం కన్నా ముందు అది నేర్పేవాళ్లు. అలా ఆగీ ఆగీ ట్రాము ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే నడిచేది. లోపల కూర్చున్నవాళ్లు విసుక్కునేవాళ్లు. అలా విసుక్కున్నవాళ్లే మర్నాడు చెయ్యెత్తి పరుగెత్తుకొచ్చేవాళ్లు.

డ్రైవరమ్మ అద్దంలో తప్పకుండా కనబడే మనిషి వాళ్లక్క. ఆస్పత్రి లాండ్రీలో చిరిగిన దుప్పట్లు, పేషంట్ల గౌన్లు మిషను మీద కుట్టే పని ఆవిడది. అక్కాచెల్లెళ్లు ఉండేది ఒకే ఇంట్లోనే. కింది వాటాలో అక్క ఒక్కతే, పై వాటాలో డ్రైవరమ్మ, ఆమె భర్త. కానీ డ్రైవరమ్మ తెల్లారగట్లే డిపోకి వెళ్లిపోవాలి. అక్క ఆ తర్వాతెప్పుడో లేచి, పొద్దున్నే మొండికేసే కుడి మోకాలికి వేడినీళ్ల సంచితో కాపడం పెట్టి, అది దయతలచి వంగాక ఏటవాలు సందు దిగి బేకరీ స్టాపుకి వస్తుంది. ఎంత తొందరపడ్డా ట్రాము వచ్చి నిలబడ్డాకే వస్తుంది. ఆ బండి తప్పిపోయి తర్వాతిది ఎక్కితే లాండ్రీకి ఆలస్యం. అందుకని చెల్లెలు ఆగేది. కండక్టరు కూడా అలవాటుపడి, అక్కగారు మెట్టెక్కేదాకా ఆవులిస్తూ నిలబడేవాడు.

సోమవారం పొద్దున మునిసిపాలిటీ తరఫున ఒకాయన వచ్చి డ్రైవరమ్మ వెనక సీట్లో కూర్చున్నాడు. చేతిలో ట్యాబు. మంచివాడే. నమస్కారం పెట్టాడు, కిటికీ మూస్తే మీకేమైనా ఇబ్బందా అని కూడా అడిగాడు. ఆ తర్వాత ప్రతి స్టాపులోనూ ట్యాబు మీద వేలితో నొక్కడం తప్ప మాట్లాడలేదు. నొక్కిన చప్పుడేమీ రాదు గానీ, నొక్కినప్పుడల్లా డ్రైవరమ్మకి వీపు మీద తెలుస్తూనే ఉంది.

పక్కన రోడ్డు అంచు వెంబడే పందెం కార్లు కూడా బయల్దేరాయి. తెల్లగా, పొట్టిగా, ముందు సీట్లో ఎవరూ లేకుండా. డిపోలో వాటిని దయ్యంబళ్లు అనేవాళ్లు.

బేకరీ స్టాపులో ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు. కండక్టరు తలుపు దగ్గర లేని పని కల్పించుకుని కాసేపు తచ్చాడాడు. ట్యాబు ఆయన తల తిప్పి అతనివైపు చూశాడు. కండక్టరు గంట కొట్టాడు.

చూడకూడదు అనుకుంటూనే డ్రైవరమ్మ అద్దంలోకి చూసింది. అక్క అప్పుడే సందులోంచి బయటపడింది. అన్నం సంచి చంకలో ఇరికించుకుని, ఒక చెయ్యి పైకెత్తి పరుగెత్తుకొస్తోంది. ఎడమ కాలు ఎగిరి ముందుకు పడుతుంటే కుడి కాలు దాని వెనకాల ఈడ్చుకొస్తోంది. ఇంకో పది అంగలు వేస్తే అందుకునేది. డ్రైవరమ్మ హ్యాండిలు ముందుకి తోసింది.

చక్రాలు కదిలాయి. అక్క చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. బండి నిజంగానే వెళ్లిపోతోందని అర్థమయ్యాక ఆ చెయ్యి మెల్లగా దిగి జుట్టు సర్దుకుంది, మొదట్నుంచీ అందుకే ఎత్తినట్టు.

ఆ తర్వాత స్టాపులన్నీ ఎలా దాటిందో ఆమెకే తెలియదు. ఆఖరి స్టాపులో హ్యాండిలు ఊడదీసి చేత్తో పట్టుకుని, తిరుగు ప్రయాణానికి బండి రెండో చివరికి నడిచింది. కండక్టరు రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. ఒట్టి వారమే కదమ్మా, ఆవిడ మాత్రం అర్థం చేసుకోరా అన్నాడు. నోర్మూసుకుని టీ తాగమంది డ్రైవరమ్మ. అతను నోరు మూసుకున్నాడు గానీ టీ తాగలేదు. అతనిక్కూడా మింగుడు పడలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే తిన్నగా కింది వాటాలోకి వెళ్లింది. అక్క మంచం మీద కాళ్లు చాపుకుని మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుంది. చెల్లెల్ని చూసి సంచి తీసి పక్కన పెట్టేసింది. అదేదో చూడకూడని వస్తువైనట్టు.

పందెం సంగతంతా డ్రైవరమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. పట్టాలు పీకేస్తారని చెప్పింది, డిపోలో అందరి బతుకులూ దీనిమీదే ఉన్నాయని చెప్పింది, ట్యాబు ఆయన తన వెనకే కూర్చున్నాడని చెప్పింది. అక్క అన్నిటికీ తల ఊపింది. ఆ విషయం ఆమెకి ముందే తెలుసట, స్టాపులో అందరూ అనుకుంటున్నారట. లాండ్రీలో సూపర్‌వైజరమ్మ మొహం ముడుచుకుంది గానీ పెద్దగా ఏమీ అనలేదట.

"ఈ నాలుగు రోజులూ కాస్త ముందు బయల్దేరకూడదా అక్కా," అంది డ్రైవరమ్మ.

"మోకాలు నా మాట వింటే నీ మాటా వినేదే," అంది అక్క.

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక డ్రైవరమ్మ పైకి వచ్చేసింది. ఆ పూట అన్నం సహించలేదు.

మంగళవారం వాన. తడిసిన పట్టాల మీద ఇనుప చక్రం జారుతుంది. కాలికింద పెడలు తొక్కితే చక్రాల ముందు కాస్త ఇసుక రాలుతుంది, అప్పుడు పట్టు దొరుకుతుంది. ఎక్కువ తొక్కితే ఇసుక దారిలోనే అయిపోతుంది, తక్కువ తొక్కితే బండి స్టాపు దాటిపోతుంది. డ్రైవరమ్మ ఆ లెక్కలో పడి బేకరీ స్టాపు సంగతి మర్చిపోయింది. లేదా మర్చిపోవాలని ఆ లెక్కలో పడింది.

గంట కొట్టాక అద్దం నిండా వాన చినుకులే. వాటి వెనక సందు మధ్యలో ఒక గొడుగు. పరుగెత్తడం లేదు. చెయ్యి ఎత్తడం లేదు. గొడుగు కింద నిలబడి బండిని సాగనంపుతున్నట్టు అక్క అలా చూస్తూ ఉంది.

నిన్నటి పరుగే నయమనిపించింది డ్రైవరమ్మకి. పరుగెత్తే మనిషికి ఇంకా ఆశ ఉన్నట్టు. ఇప్పుడు అక్క తనమీద ఆశ వదులుకుంది. ఆమె హ్యాండిలు తోసి, అవసరం లేని చోట కూడా పెడలు తొక్కి, సగం ఇసుక అక్కడే పోసేసింది. ఆఖరి స్టాపుకి వచ్చేసరికి ఇసుక పెట్టె ఖాళీ. కండక్టరు బకెట్టు పట్టుకుని తడుస్తూ నింపాడు.

బుధవారం సందులో ఎవరూ లేరు.

గురువారమూ లేరు. అక్క ఎలా వెళ్తోందో డ్రైవరమ్మకి అంతుపట్టలేదు. కిందికి వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, కింది వాటా ముందు చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. అది చూసి భర్త, సొంతింటికి ఇలా దొంగలా వచ్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. డ్రైవరమ్మ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

శుక్రవారం ఆస్పత్రి స్టాపులో లాండ్రీ ఇస్త్రీ ఆయన ఎక్కాడు. డ్రైవరమ్మని గుర్తుపట్టి, బండి నడిపేటప్పుడు మాట్లాడొద్దన్నా వినకుండా ముందుకొచ్చి చెప్పాడు. మీ అక్కగారు దర్జాగా కారులో వస్తున్నారమ్మా అన్నాడు. పందెం వారమని ఊరికే ఎక్కించుకుంటున్నారట, ఆస్పత్రిలో సగం మంది అందులోనే వస్తున్నారట. ఆయన సంతోషించే చెప్పాడు పాపం, అది ఎవరికి గుచ్చుకుంటుందో చూసుకోలేదు.

ఆ మాట విన్న కండక్టరు మొహం మాడిపోయింది. "ఇంటి మనిషే అటు చేరితే ఇంక మనం ఎవరికోసం నడపాలమ్మా," అన్నాడు.

డ్రైవరమ్మకి ముందు ఒళ్లు మండిపోయింది. రోజూ బండి ఆపింది ఎవరికోసం, జనం నసుగుతుంటే పడింది ఎవరికోసం, రెండు రోజులు ఆగకపోతే దయ్యంబండి ఎక్కేస్తుందా అనుకుంది. కాసేపటికి ఆ మంట దానంతటదే చల్లారింది. ఎక్కనివ్వకుండా వదిలేసి వచ్చింది తనే. ఎక్కించుకున్నదాన్ని ఎక్కింది ఆవిడ. ఇందులో తప్పు ఎవరిదో డ్రైవరమ్మకి బాగా తెలుసు. తెలిసినకొద్దీ నీరసం వచ్చింది. ఆ రోజు మిగతా ట్రిప్పులన్నీ టైముకి ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా నడిపింది. ట్యాబు ఆయన దిగేటప్పుడు చాలా బాగా నడిపారండీ అని మెచ్చుకున్నాడు.

శనివారం మేనేజరు మళ్లీ షెడ్డులోకి వచ్చాడు. ఈసారి మొహంలో కాస్త రక్తం ఉంది. ట్రాము గెలిచింది. కొద్దిపాటి తేడాతో కాదు, కారు దరిదాపుల్లోకి రాలేకపోయింది. పట్టాలు పీకరు, డిపో ఉంటుంది. షెడ్డంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ముసలి డ్రైవరొకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కండక్టరు ఎక్కడినుంచో టీ కెటిలు పట్టుకొచ్చాడు.

కారు ఎందుకు ఓడిపోయిందో మేనేజరు టీ తాగుతూ చెప్పాడు. దాన్ని పిలిచిన మనిషి వచ్చి ఎక్కేదాకా అది తలుపు తీసి నిలబడుతుందట. ఎంతసేపైనా సరే. కంపెనీ వాళ్లు దాన్ని అలా తయారు చేశారట. ముసలీ ముతకా, కుంటీ గుడ్డీ అందరూ దాన్నే పిలుచుకున్నారు. ఒక్కొక్కరికోసం ఆగి ఆగి అది టైము పోగొట్టుకుంది.

"వెర్రి బండి," అన్నాడు కండక్టరు. "మన పనేదో దానికి అంటగట్టి మనం గెలిచాం."

అందరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మరి సోమవారం నుంచి మళ్లీ అద్దం చూడొచ్చా అని ముసలి డ్రైవరు అడిగాడు. మేనేజరు నీళ్లు నమిలాడు. మునిసిపాలిటీ వాళ్లకి ఈ టైము నచ్చిందన్నాడు. ఇంత బాగా నడపగలిగినవాళ్లు ఇన్నాళ్లూ ఎందుకు నడపలేదని అడిగారట. ఇకమీదట ఇదే టైము. కార్లు కూడా ఎక్కడికీ పోవట్లేదు, రోడ్డు అంచున తిరుగుతూనే ఉంటాయి. ఆస్పత్రి వాళ్లు తమ పనివాళ్ల కోసం కొన్నిటిని మాట్లాడుకున్నారు కూడా.

ఆ తర్వాత ఎవరి గ్లాసు వాళ్లు కడుక్కుని పెట్టేశారు.

ఆదివారం మధ్యాహ్నం డ్రైవరమ్మ బేకరీలో కేకు ముక్కలు కట్టించుకుని కింది వాటా తలుపు తట్టింది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. అక్క కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. కేకు చూసి, గెలిచారటగా అంది. గెలిచాం అంది చెల్లెలు. అక్క నిజంగా సంతోషించింది. దారం వదిలేసి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ సంతోషం చూసేసరికి డ్రైవరమ్మ అనుకుని వచ్చిన మాటలన్నీ తలకిందులయ్యాయి.

"నన్ను క్షమించు అక్కా. ఆ సోమవారం నువ్వు అలా చెయ్యెత్తి పరుగెత్తుకొస్తుంటే వదిలేసి వచ్చాను. అది కళ్లలోంచి పోవట్లేదు. టైము మారినా సరే, రేపట్నుంచి నేను ఆగుతాను. మెమో ఇస్తే ఇచ్చుకోనీ. ఒక్కరికోసం ఆగితే కొంపలేం మునగవు."

అక్క చెయ్యి వదిలేసింది. కేకు పొట్లం విప్పి, ఒక ముక్క చెల్లెలికిచ్చి, రెండోది చేతిలో పట్టుకుని తినకుండా కూర్చుంది.

"వద్దే," అంది చివరికి. "ఆగొద్దు."

కోపంతో అంటోందనుకుంది డ్రైవరమ్మ. అక్క మొహంలో కోపం లేదు. చాలాకాలంగా మోస్తున్న బరువు ఎక్కడ దించాలా అని చూసుకుంటున్న మనిషిలా ఉంది.

"నువ్వు బండి ఆపినప్పుడల్లా అందరూ కిటికీల్లోంచి నన్నే చూసేవాళ్లే. ఈ కుంటిది ఎప్పుడొస్తుందా, బండి ఎప్పుడు కదులుతుందా అని. ఆ చూపులకి తట్టుకోలేక పరుగెత్తేదాన్ని. నా మోకాలు నడిచి అరగలేదు, నువ్వు ఆపిన బండి అందుకోడానికి పరుగెత్తి అరిగింది. నువ్వు ఆగావని తెలిసీ మెల్లగా ఎలా వస్తాను చెప్పు."

డ్రైవరమ్మ నోట్లో కేకు అలాగే ఉండిపోయింది.

"ఆ సోమవారం నువ్వు వెళ్లిపోయావు చూడు. ముందు సిగ్గేసింది. తర్వాత ఆ స్టాపులో బెంచీ మీద కూర్చున్నాను. ఎన్నేళ్లయిందో అక్కడ కూర్చుని. హాయిగా అనిపించింది. మంగళవారం కూడా అందుకే సందులోనే నిలబడిపోయాను, ఎక్కడ ఆగిపోతావో అని."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు," అంది డ్రైవరమ్మ.

"ఎలా చెప్పమంటావే. నువ్వు నాకోసం ఆపుతున్నానని మురిసిపోయేదానివి. నేను ఎక్కగానే వెనక్కి తిరిగి చూసి నవ్వేదానివి. ఆ నవ్వు చూసి వద్దని ఎలా అంటాను."

కారు గురించి అడక్కుండానే చెప్పింది. అందులో మాట్లాడడానికి ఎవరూ ఉండరట. మాటిమాటికీ బెల్టు పెట్టుకోమని సతాయిస్తుందట. మొదటి రోజు భయమేసి సీటంచు పట్టుకు కూర్చుందట, రెండో రోజు కునుకు పట్టేసిందట. అదేమీ గొప్ప బండి కాదంది. కానీ అది ఆగితే ఎవరికీ బాకీ పడినట్టు ఉండదంది. దానికి అక్కా లేదు, చెల్లెలూ లేదు.

డ్రైవరమ్మకి ఏడుపొచ్చింది. అక్క మీద కోపం కాదు. తను ఇన్నేళ్లూ రోజుకొకసారి చేశాననుకున్న మంచి పని ఏదైతే ఉందో, ఎంత అలసిపోయి ఇంటికొచ్చినా మనసులో తలచుకుని తృప్తిపడిన పని, అది అవతలి మనిషికి రోజువారీ శిక్ష అయింది. ఇది ముందే తెలిస్తే ఎంత బాగుండేదనిపించింది. అసలు తెలియకపోతే ఇంకా బాగుండేదనీ అనిపించింది. అక్క కొంగుతో చెల్లెలి కళ్లు తుడిచి, అందుకే చెప్పలేదు మరి అంది. ఆ తర్వాత ఇద్దరూ కేకు తిన్నారు. బాగా తియ్యగా ఉందని, బేకరీ వాడు ఈమధ్య పంచదార దండిగా పోస్తున్నాడని అనుకున్నారు. చీకటి పడకముందే డ్రైవరమ్మ పైకి వెళ్లిపోయింది.

సోమవారం ట్రాము బేకరీ స్టాపుకి కాస్త ముందే వచ్చింది. కొత్త పద్ధతిలో ముందుగా కదిలినా తప్పే, అందుకని టైమయ్యేదాకా నిలబడాలి. వెనక సీట్లో ట్యాబు ఆయన లేడు. రోడ్డు అంచున, సందు మొదట్లో తెల్లకారు తలుపు తీసుకుని నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరు.

సందులోంచి అక్క దిగి వస్తోంది. ఒక చెయ్యి గోడమీద ఆనించి, అన్నం సంచి రెండో చేత్తో పట్టుకుని, ఎడమ కాలు కిందికి వేసి, కుడి కాలిని నిదానంగా దాని పక్కకి తెచ్చుకుంటోంది. సగం దూరం వచ్చాక ఆగింది. సంచి చెయ్యి మార్చుకుంది. అక్కడున్న ఇంటి గుమ్మంలో ఎవరో పలకరించినట్టున్నారు, అటు తిరిగి ఏదో మాట్లాడింది, నవ్వింది. కారు వైపు చూడనైనా లేదు.

డ్రైవరమ్మ పక్క అద్దంలోకి కళ్లార్పకుండా చూసింది. ఆ అద్దంలో అక్క పరుగెత్తకుండా నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. నిజానికి అక్క నడక చాలా అందంగా ఉంది, కుంటుతున్నా సరే. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని మనిషి నడక.

గంట మోగింది. టైమయింది. ఎక్కినవాళ్లు సీట్లలో సర్దుకున్నారు. అక్క ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, మాట తెగలేదు. డ్రైవరమ్మ చెయ్యి హ్యాండిలు మీద ఒక్క క్షణం ఆగింది. ఈసారి తను ఆగి తల తిప్పి చూసిందంటే అక్క మళ్లీ పరుగెత్తుకొస్తుంది. ఆవిడ కోసం తను చెయ్యగలిగిన పని ఇంక వెళ్లిపోవడమొక్కటే.

హ్యాండిలు ముందుకి తోసి, తల తిప్పకుండా వెళ్లిపోయింది.